కొర్రమట్ట తలలో రెండు రాళ్ళు

ముత్తి పెట్టె అడుగున, పెళ్ళినాటి చీర కింద ఒక పాత పౌడరు డబ్బా దొరికిందని శామ్యూలు తెచ్చి నా ముందు పెట్టాడు. శామ్యూలు ముత్తి కొడుకు. బొగ్గు గనిలో పని చేస్తాడు. డబ్బా మూత తుప్పు పట్టి బిగుసుకుపోతే చెంచా కాడతో ఎత్తి తెరిచాడు. లోపల తెల్లటి చిన్న చిన్న రాళ్ళు. కొన్ని బియ్యపు గింజంత, కొన్ని కందిబద్దంత. వాటిని చూసి అతని ముఖం పాలిపోయింది.

"అమ్మ కడుపుల గిన్ని రాళ్ళున్నయా టీచరమ్మా? ఏ దవాఖానాల తీపిచ్చుకున్నదో, మాకు చెప్పనే లేదు."

ముత్తిని మట్టి చేసిన తరువాత నేను నవ్వడం అదే మొదలు. "కడుపువి కావురా, అవి చేప తలలో రాళ్ళు" అని చెప్పాను. అతను నమ్మలేదు. నా అరచేతిలో ఒక రాయి పెట్టుకుని వెలుతురుకు పట్టాను. ఒక పక్క నున్నగా, ఒక పక్క సన్నని గాడి. డెబ్బై ఏళ్ళ కింద పులుసు కంచంలోంచి ఏరుకుని, నోట్లో పెట్టి చీకి, లంగాకు తుడిచి దాచుకున్న రాయి. వాసన చూశాను. పౌడరు వాసన కూడా లేదు. అయినా నాకు చింతపండు పులుసూ, తడిసిన కట్టెల పొగా, బూర్గంపాడు ఇంటి వెనక గోదావరి బురదా, మూడూ కలిసిన వాసన వచ్చింది.

శామ్యూలు వచ్చిన పని వేరే. సంవత్సరీకం లోపల సమాధి కట్టించాలి. రాయి చెక్కే మనిషి కొత్తగూడెంలో కాచుకుని ఉన్నాడు. "మీద ఏం రాయాలె అని అడుగుతుండు. పేరు చెప్పిన, చనిపోయిన తారీఖు చెప్పిన. పుట్టిన సంవత్సరం అడిగిండు. ఆధార్ కార్డుల ఉన్నది ఇచ్చేయనా?"

"కార్డులో ఉన్నది నా పుట్టినరోజు" అన్నాను.

అతనికీ తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. "ఎవరు చూస్తరు టీచరమ్మా, రాయి మీద ఏదో ఒకటి ఉండాలె గద" అన్నాడు. నేను నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. జవాబు తెలియనప్పుడు ఖాళీ వదిలిన పిల్లను క్షమించాను కానీ, పక్కదాని కాగితంలోంచి ఎత్తి రాసిన పిల్లను క్షమించలేదు. నా తేదీని ముత్తి రాయి మీద చెక్కితే అది చెరగదు. పలక మీద తప్పయితే తడిగుడ్డతో తుడవవచ్చు. "నాకు కొంచెం టైమియ్యి, తేల్చి చెప్తా" అన్నాను. ఎట్లా తేలుస్తానో నాకే తెలియదు.

తేలని సంగతి ఇదీ. ముత్తి పెద్దదా, నేను పెద్దనా?

మా నాన్న మిషను దవాఖానాలో కాంపౌండరు. అమ్మ నన్ను కన్న తరువాత ఎక్కువ కాలం లేదు. నన్ను పెంచింది నాయనమ్మ. గోదావరి పొంగిన ఏడు ఊళ్ళకు ఊళ్ళు వచ్చి బడి వరండాలో పడుకున్నాయి. బడి నిండి, చర్చి నిండి, చివరికి దవాఖానా కారిడారులో కూడా తడి గొంగళ్ళు, కోళ్ళు, మేకపిల్లలు. అక్కడ జ్వరంతో వచ్చిన ఒక కోయ తల్లి పోయింది. ఆమె పక్కన ఒక పిల్ల మిగిలింది. నీళ్ళు తీసి బాటలు ఆరిన తరువాత నాన్న ఎగువ ఊళ్ళన్నీ తిరిగి అడిగాడు. ఏ ఊరి వాళ్ళూ ఆ పిల్ల మాది అనలేదు. ఒక సాయంత్రం ఆ పిల్లను దవాఖానా దుప్పట్లో చుట్టి ఇంటికి తీసుకొచ్చి, నాయనమ్మ ముందు దించాడు. దుప్పటికి ఫినాయిలు వాసన, లోపల పిల్లకు తడి మట్టి వాసన.

"ఎన్ని రోజులు?" అని అడిగింది నాయనమ్మ.

"ఎవరన్న వచ్చేదాక" అన్నాడు నాన్న. ఎవరూ రాలేదు.

ఆ పిల్లకు తెలుగు రాదు. తన పేరు ముత్తి అని చెప్పింది. నాన్న ఆమెకు తెలిసిన మాటల్లో వయసు అడిగితే, గోదావరి వైపు చెయ్యి చూపి మూడు వేళ్ళు ఎత్తింది. ఇంతకు ముందు మూడు గోదావరులు చూశానని. ఏటికొకటి అనుకుంటే సరిగ్గా నా వయసే. అంతకు మించి ఆమె దగ్గర లెక్క లేదు. నాయనమ్మ సంతలో మేకను చూసినట్టు దాని నోరు తెరిచి పళ్ళు చూసింది. పాలపళ్ళు ఒక్కటీ ఊడలేదు. నావీ ఊడలేదు. తరువాత ఇద్దరినీ తలుపు చెక్కకు వీపులు ఆనించి నిలబెట్టారు. ముత్తి నాకంటే ఒక వేలు ఎత్తు. మడమలు ఎత్తిందని నేను గోల పెట్టాను. ఎత్తిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. దుప్పటి కాళ్ళ మీద జారి ఉంది.

వయసు గొడవ ఎక్కడ మొదలైందో మాత్రం స్పష్టంగా చెప్పగలను. కంచం దగ్గర.

మా ఇంట్లో ఆదివారం ఆరాధన అయ్యాక చేపల పులుసు. శనివారం సంతలో కొన్న చేపను నాయనమ్మ పెరట్లో గరుకు బండ మీద బూడిద వేసి, తోక పట్టుకుని, తెల్లగా మెరిసేదాకా రుద్దేది. వాన రోజుల్లో ఎక్కువగా కొర్రమట్ట దొరికేది. వరద తీసేసిన మడుగుల్లో పట్టినవి, పాములాంటి తల, నల్లటి వీపు. మట్టి దాకలో మెంతులు చిటపటమనగానే మేము చర్చి బట్టలు విప్పకుండానే వంటింటి గడప దగ్గర చేరేవాళ్ళం. దాకలో గరిటె పెట్టి కలపనిచ్చేది కాదు. రెండు చేతులా అంచులు పట్టుకుని, పిల్లను ఊపినట్టు ఊపేది. బయట వాన, లోపల పొగ. ఆవిరి చూరు దాకా లేచి, తాటాకులకు తగిలి, చుక్కలుగా మళ్ళీ మా తలల మీదే రాలేది. ఈ రోజుకూ ఎక్కడన్నా మెంతుల పోపు వాసన వస్తే నాకు తల తడిసినట్టు ఉంటుంది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. చేప తలకాయ పిల్లల్లో పెద్దవాళ్ళ కంచంలో పడాలి. నాన్న చిన్నప్పుడు అది నాన్నది, తమ్ముళ్ళది కాదు. నాన్న పెద్దయ్యాక నాది. ముత్తి వచ్చిన మొదటి ఆదివారం నాయనమ్మ గరిటెలో తలకాయ పట్టుకుని ఆగిపోయింది. నేను కంచం ముందుకు జరిపాను. ముత్తి నన్ను చూసి తనూ జరిపింది. మాటలు రాని పిల్ల ఆ వారంలో నేర్చుకున్న మొదటి తెలుగు మాట "నేనే పెద్ద". నా నోట విని నేర్చుకుంది. నేనే నేర్పినట్టయింది.

"నేనే పెద్ద" అన్నాను.

"నేనే పెద్ద" అంది, అచ్చం నా గొంతుతో.

"ఈ తగాదాకు పాస్టరు గారు కూడ తీర్పు చెప్పలేడు" అన్నాడు నాన్న, నవ్వు ఆపుకుంటూ.

నాయనమ్మ పాస్టరు గారి కోసం ఆగలేదు. కత్తిపీట లాగి, ఉడికిన తలకాయను ముట్టె నుంచి మెడ దాకా నిలువునా చీల్చి, చెరొక కంచంలో వేసింది. "ఇగ నోరు మూసుకోని తినుండ్రి." నా సగంలో ఒక తెల్లరాయి దొరికింది. ముత్తి సగంలో ఒకటి. రెండూ పక్కపక్కన పెడితే ఎడమ చెవీ కుడి చెవీలా ఒకదానికొకటి సరిపోయాయి. "చేప తలకిందులు కాకుండ దేవుడు బరువు పెట్టిండు" అంది నాయనమ్మ. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తల రెండు సగాలు, రాళ్ళు రెండు. నావి అయొడెక్సు సీసాలో, దానివి పౌడరు డబ్బాలో. నా సీసాను తరువాత ఇంకో గోదావరి ఇంటితో సహా తీసుకుపోయింది.

కొర్రమట్టలో ముళ్ళు తక్కువ. ముళ్ళు ఎక్కువుండే రవ్వ చేప కొన్న వారం మాత్రం నాకు భయం. ఒకసారి చీలిక ముల్లు గొంతులో దిగి, నాన్న దవాఖానా చిమటా పట్టుకుని నోట్లోకి వంగినా కనబడలేదు. నాయనమ్మ ఉత్త అన్నం ముద్దలు మింగించింది. ఎప్పుడు దిగిందో దిగింది. ఆ తరువాతి ఆదివారం ముత్తి నా కంచం తన వైపు లాక్కుంది. తలకాయ మీద కొట్లాటేమో అనుకుని దాని చెయ్యి మీద కొట్టాను. అది పట్టించుకోలేదు. చేప ముక్కను వేళ్ళతో విప్పి, ముళ్ళు ఒక్కొక్కటే దీపం వైపు ఎత్తి చూసి, కంచం అంచున వరుసగా పేర్చి, చేపను నా అన్నంలో కలిపి కంచం వెనక్కి తోసింది. అప్పుడు తన కంచం ముందు కూర్చుంది. దాని పులుసు చల్లారిపోయింది. అది ఆ ఒక్కనాటి పని కాదు. రవ్వ వచ్చిన ప్రతి వారం అంతే. మళ్ళీ అరగంటలో జామచెట్టు కింద "నేనే పెద్ద" అని జుట్లు పట్టుకునేవాళ్ళం.

బోర్డింగు బడిలో వేసేటప్పుడు నాన్న ఇద్దరికీ ఒకే తేదీ ఇచ్చాడు, నాది. నేను పుట్టిన రోజును ఆయన చెక్క బీరువా తలుపు లోపల మేకుతో గీసి పెట్టాడు. ముత్తి కోసం ఎవరైనా గీసి ఉంటే ఆ తలుపు ఎక్కడో నీళ్ళలో పోయింది. హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "ఒక తల్లి పిల్లలా?" అని అడిగింది. "ఒక ఇంటి పిల్లలమ్మా" అన్నాడు నాన్న. బాప్తిస్మంలో ముత్తి రూతమ్మ అయింది. నేను ఎస్తేరు. ఎవరూ ఎవరినీ అక్క అనలేదు. ఆమె నన్ను "చెల్లె" అనేది. నేనూ "చెల్లె" అంటే "ఎవరికే?" అని తిరగబడేది. అందుకని నేను ముత్తీ అనే పిలిచాను.

ఆ తగాదా మాతో ఆగలేదు. ముత్తి ఇల్లందు వైపు గని పని చేసే అతన్ని చేసుకుంది. శామ్యూలు మాటలు నేర్చే రోజుల్లో సెలవులకు పోతే, వాడు పరిగెత్తుకొచ్చి "చిన్నమ్మా" అన్నాడు. "చిన్నమ్మ కాదు, పెద్దమ్మా అను" అని దిద్దాను. లోపలి నుంచి ముత్తి కేక వేసింది, "చిన్నమ్మనే! నేనే నేర్పిన!" వాడు ఇద్దరినీ చూసి ఏడుపు మొదలుపెట్టాడు. రెండు రోజులు ఆమె చిన్నమ్మ అని నేర్పింది, నేను పెద్దమ్మ అని దిద్దాను. మూడో రోజు వాళ్ళ నాన్న జోక్యం చేసుకున్నాడు. "పోరడు పిచ్చోడైతడు. టీచరమ్మా అనురా బిడ్డా." అప్పటి నుంచి ఆ ఇంట్లో నేను టీచరమ్మనే. వాడి కూతురు కెజియాకూ టీచరమ్మనే.

పోయే ముందు దవాఖానాలో కూడా ముత్తి ఊరుకోలేదు. ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. నేను మంచం పక్కన కూర్చుని ఉంటే, కళ్ళు తెరిచి చాలాసేపు చూసి, "పెద్దోళ్ళే గదనే ముందు పోయేది. చూసుకో చెల్లె, నేనే గెలిచిన" అంది.

"అట్ల వరుసేం లేదు, ఊకో" అన్నాను. మేము చివరగా పోట్లాడుకున్నది అదే.

కెజియా చేపల చదువు చదువుతోంది. వాళ్ళ నాన్న డబ్బా సంగతి చెప్తే, ఆ శనివారమే బస్సెక్కి వేంసూరులో మా ఇంటికి వచ్చింది. సంచిలో ఒక బుల్లి మైక్రోస్కోపు, గరుకు కాగితాలు, ఒక చిమటా, తడిగుడ్డలో చుట్టిన ఒక కొర్రమట్ట, ఒక రవ్వ. అప్పటికి మధ్యాహ్నం ఎండ వరండా మెట్టు మీదికి వచ్చింది. డబ్బా రాళ్ళను చూసి ఆ పిల్ల నిధి దొరికినట్టు గంతు వేసింది.

"టీచరమ్మా, మేము చేప వయసు చూసేది వీటితోనే! చెట్టు మొద్దుల వలయాలుంటయి చూడు, గట్లనే దీంట్ల కూడ ఉంటయి. చెవి ఎముక ఇది. చేప పుట్టినప్పటి సంది పొర మీద పొర ఏసుకుంటనే ఉంటది."

కొత్తగా తెచ్చిన కొర్రమట్ట తల కోసి, చిమటాతో మెదడు కింద నుంచి రాయి బయటకు తీసింది. నీళ్ళు చల్లుకుంటూ గరుకు కాగితం మీద వేలికొనతో రుద్దింది. నాయనమ్మ బండ మీద చేపను రుద్దినట్టే, కానీ ఎంత మెల్లగా! రాయి పలచబడి గాజులా అయ్యాక ఒక నూనె చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, దాన్ని ఫోనుకు తగిలించింది. ఫోను తెర మీద చందమామ లేచింది. పాల రంగు వెడల్పు పట్టీ, దాని తరువాత సన్నని చీకటి గీత, మళ్ళీ పట్టీ, మళ్ళీ గీత. గోదావరి నిండుగా ఉండి తిండి దొరికిన నెలల్లో వెడల్పు పట్టీ పడుతుందట. ఎండల్లో నీళ్ళు లేక చేప ఎదుగుదల ఆగితే గీత పడుతుందట. ఒక పట్టీ, ఒక గీత కలిస్తే ఒక ఏడు. చేప బతికిన వానలూ ఎండలూ అన్నీ అందులో ఉన్నాయి. నాకు ఆ తెర మీద నుంచి చూపు తిప్పబుద్ధి కాలేదు. మా ఇంటి వెనక నీళ్ళు నల్లగా వచ్చి, ఎర్రగా మారి, తగ్గి, ఇసుక తేలి, ఆవలి ఒడ్డు అడవిలో ఇప్పపువ్వు వాసన మొదలయ్యేది. ఆ ఏడాదంతా ఒక వెంట్రుకంత మందంలో నా ముందు వెలుగుతోంది.

"నువ్వు లెక్కపెట్టు టీచరమ్మా. నాకు చెప్పకు. నేను వేరేగ లెక్కపెడ్త. మా కాడ గట్లనే చేస్తరు, ఇద్దరు మనుషులు, ఒకరి లెక్క ఒకరికి తెల్వకుంట."

ఈ పద్ధతి నాకు నచ్చింది. లెక్కపెట్టాను. నాకు నాలుగు వచ్చాయి, ఆమెకు అయిదు. తప్పు నాదంటే నేను నమ్మలేదు. కెజియా నడిమధ్యన పిన్నుతో చూపించింది. అక్కడ ఒక మసక చుక్క, దాని చుట్టూ ఉందా లేదా అన్నట్టు ఒక గీత. "మొదటి ఏడు మస్తు కష్టం టీచరమ్మా. అందరూ దాన్నే మరిచిపోతరు. బయటివి కొన్నిసార్లు దొంగ గీతలు కూడ ఉంటయి. ఒకే ఏడుల చేపకు రెండుసార్లు ఆకలి తగిలితే రెండు గీతలు పడ్తయి. చూసినోళ్ళు రెండేండ్లు అనుకుంటరు."

నా చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాను. "కెజియా, మీ నానమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు మూడు గోదావరులు చూసిన అన్నది" అన్నాను.

ఆ పిల్ల తెలివైనది. నేను అడగబోయేది ముందే అర్థమైంది. "మూడు వరదలంటే మూడేండ్లే కావాలని లేదు టీచరమ్మా. ఒకే వానకాలంల గోదారి రెండుసార్లు రావొచ్చు" అంది.

అంటే ముత్తి చిన్నది. నేను గెలిచినట్టే. డెబ్బై ఏళ్ళకు.

"మల్ల, పాలు తాగే పిల్లప్పుడు వచ్చిన వరద ఆమెకు యాదికుండదు గద. అది లెక్కల పడలే" అంది కెజియా.

అంటే ముత్తి పెద్దది. ఒక తప్పు ఒక ఏడు తీసేస్తుంది, ఒక తప్పు ఒక ఏడు కలుపుతుంది. ఏది నిజమో చెప్పే మనిషి ఎవరూ లేరు. "మరి మీ రెండు లెక్కలు కలవకపోతే ఏం చేస్తారు?" అని అడిగాను.

"మూడోసారి చూస్తం. అప్పటికీ కలవకపోతే ఆ చేపను పక్కకు పెడ్తం. ఊహించి మాత్రం రాయం."

డబ్బాలో రాళ్ళు కూడా చూసింది. పులుసులో ఉడికినవి కాబట్టి పులుపుకు అంచులు కరిగి, చివరి ఏళ్ళు కొన్ని పోయాయట. జతలో రెండోది లేదే అని నేను బాధపడితే, "ఒకటి చాలు టీచరమ్మా, రెండిట్ల ఒకటే ఉంటది" అంది. నేను ఆ ఒంటి రాళ్ళను ఒక్కొక్కటే మళ్ళీ డబ్బాలో వేశాను.

ఇప్పుడు మా బజారుకు వచ్చే చేపలు చెరువుల్లో మేపినవి, ఐసు పెట్టెల్లో లారీల మీద వస్తాయి. మేతకు ఎదిగి ఏడాది తిరక్కుండానే తూకానికి వస్తాయట. కెజియా వాటి రాళ్ళూ చూసింది, చెప్పుకోవడానికి ఏమీ లేదంది. పిల్లలు పుట్టిన నిమిషం దగ్గర నుంచి అన్నీ రాసి ఉంటున్నాయి. అది మంచిదే, నేను దాన్ని తప్పు పట్టను. శామ్యూలు పెద్దబిడ్డ కొడుకు పుట్టిన గంట, బరువు నాకూ తెలుసు. మా ఇంట్లో మాత్రం ఒక పిల్ల ఏ ఏట పుట్టిందో ఎవరికీ తెలియకుండా వచ్చి, తెలియకుండానే వెళ్ళింది. నా లెక్కలన్నిటిలో ఆ ఒక్క గడి ఖాళీగా ఉంది.

శామ్యూలు కూతుర్ని తీసుకుపోవడానికి మరునాడు ఆదివారం వచ్చాడు. రాయి చెక్కే అతను అప్పటికే రెండుసార్లు ఫోను చేశాడట. "ఏం తేల్చినవ్ టీచరమ్మా? సంవత్సరం ఏం చెప్పాలె?"

"సంవత్సరం వద్దు" అన్నాను. "పేరు ముత్తి రూతమ్మ అని రాయించు. దాని కింద, గోదావరి పొంగిన ఏట మా ఇంటికి వచ్చింది అని. పోయిన తేదీ సరిగ్గా వెయ్యమను. ఇంక కింద, ఎస్తేరుకు అక్క."

అతను రాసుకుంటున్న పెన్ను ఆగింది. "అక్కనా? లెక్క తేలిందా?"

"తేలలేదు."

"తేలకుంట నువ్వు రాయిపియ్యవు గద టీచరమ్మా."

కెజియా వంటింట్లోంచి కేక వేసింది, అన్నానికి రమ్మని. రవ్వ పులుసు. మెంతులు కొంచెం మాడాయి, కానీ వాసన ఇల్లంతా నిండింది. వరండాలో చాప మీద కూర్చున్నాం. నాకు కళ్ళు మసక. నేను ముక్కను విప్పి ముల్లు కోసం వెతుకుతూ చాలాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ముత్తి ఇంటికి పోతే తప్ప నేను రవ్వ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమె కంచం దగ్గర కూర్చుని, మాట్లాడుతూనే, చూడనైనా చూడకుండా నా ముళ్ళు తీసేది. ఏ చెల్లెలూ తన పులుసు చల్లారబెట్టుకుని అక్కకు ముళ్ళు తీయదు. ఇంత చిన్న లెక్కకు నాకు ఇంత కాలం పట్టింది.

శామ్యూలు నా వైపు చూశాడు. తన చెయ్యి కడుక్కుని వచ్చి, నా కంచం తన ముందుకు లాక్కున్నాడు. ముల్లు ఎత్తి వెలుతురుకు పట్టి, అంచున పెట్టాడు. ఇంకొకటి. వాళ్ళమ్మ చెయ్యే.

"ఆగు, తొందరేంది చిన్నమ్మా" అన్నాడు.

నేను దిద్దలేదు.